మూడో స్తంభం, జానెడు కింద

గోడలు కట్టే సుతారి సోమనర్సయ్య బిడ్డ రజిత ఎదురుకాళ్లతో పుట్టిందనీ, అలా పుట్టినవాళ్ల కంటికి భూమిలో దాచిన బంగారం కనపడుతుందనీ, పశువుల దవాఖాన గోడలో పాత దొర దాచిపెట్టిన ఏడు బిందెలను ఆ పిల్ల రోజూ తెల్లవారి చూసుకుని, ఎక్కడివక్కడే ఉన్నాయని పుస్తకంలో రాసుకుని ఇంటికి పోతుందనీ పాలకుర్తి ఆటోల్లో చెప్పుకునేవారు. ఆ మాట మహబూబాబాద్ చేరేసరికి బిందెలు పదకొండయ్యాయి. భూపాలపల్లి చేరేసరికి గోడలోకి ఒక పాము కూడా వచ్చింది. ఆ పాము రజితతో మాట్లాడుతుందట.

రజిత మనుషులతోనే సరిగ్గా మాట్లాడదు.

వాళ్ల ఊరు పాలకుర్తి నుంచి ఆరు కిలోమీటర్లు. ఆమెకు ఇరవై రెండేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా కరోనా వచ్చి కాలేజీ మూసేశారు. క్లాసులు ఫోన్లో చెబుతారంటే సోమనర్సయ్య ఫోన్ కొన్నాడు. ఫోన్ ఇంట్లోకి వచ్చింది గానీ క్లాసులు రాలేదు. సిగ్నల్ కావాలంటే వాటర్ ట్యాంకు మెట్లెక్కాలి, ఆ మెట్ల మీద అప్పటికే సగం ఊరు కూర్చుని ఉండేది. తర్వాత కాలేజీ తెరిచారు. రజిత ఆ వారం పోదామనుకుంది, ఆ పై వారం పోదామనుకుంది. పొమ్మని ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. ఆమె చదువు ఆగిపోయిన రోజంటూ ఒకటి లేదు.

పొద్దున్నే రెండు బర్రెల పాలు కేంద్రంలో పోయడం ఆమె పని. పాల కేంద్రం ముందు వరుస కడతారు. వరుసలో అందరూ మాట్లాడుకుంటారు. ఆ మాటల మధ్య తన ముఖాన్ని ఏం చేసుకోవాలో రజితకు తెలిసేది కాదు. నవ్వితే "ఏంది నవ్వుతున్నవ్?" అంటారు, నవ్వకపోతే "ఏంది గట్లున్నవ్?" అంటారు. అందుకని క్యాను కింద పెట్టి, అందరికీ వీపు చూపించి, ఎదురుగా ఉన్న పశువుల దవాఖాన ప్రహరీ గోడ వైపు తిరిగి నిలబడేది. అలా ఏళ్ల తరబడి గోడ వైపు తిరిగి నిలబడిన మనిషికి గోడ మీద ఏముందో తెలియక తప్పదు.

గోడ మీద రెక్కల పురుగులు ఉండేవి. పుస్తకాల్లో వాటిని చిమ్మటలంటారు. గోడ పక్కన కరెంటు స్తంభానికి తెల్లటి లైటు ఉంది. రాత్రంతా ఆ వెలుగుకు వచ్చిన పురుగులు తెల్లవారేసరికి గోడకు అంటుకుని కదలకుండా పడుకునేవి. ఒకటి ఎండుటాకులా ఉండేది. ఒకటి విరిగిన పుల్లలా ఉండేది. ఒకటి అచ్చం పిట్ట రెట్టలా ఉండేది. దవాఖాన అటెండర్ ఫకీర్ అహ్మద్ అయిదున్నరకు లైటు ఆర్పాలి. కానీ రజిత క్యాను పట్టుకుని వచ్చేదాకా ఆర్పేవాడు కాదు.

"దా బిడ్డా, నీ మెహమాన్లు వచ్చిన్రు," అనేవాడు, పురుగులు చుట్టాలైనట్టు. "రాతిరి ఒకటి నా ఛాయ్‌ల పడ్డది. తీసి ఆరబెట్టిన. జర చూడు, బతుకుతదా?"

అది బతికింది. దాని ఫొటోనే రజిత తీసిన మొదటి ఫొటో.

ఫోన్లో వెతగ్గా వెతగ్గా ఆమెకు రెక్కల పురుగుల కోసం పెట్టిన ఒక వాట్సాప్ గుంపు దొరికింది. మహబూబాబాద్‌లో లెక్చరర్‌గా ఉన్న అమూల్య మేడం దాన్ని నడిపేది. అందులో ముప్పై ఏడుగురు ఉన్నారు. ఫొటో పెడితే వాళ్లు అడిగేది మూడే ప్రశ్నలు: ఎక్కడ, ఎప్పుడు, ఎంత పొడుగు. ఏం చదివావని అడగరు. పెళ్లయిందా అని అడగరు. పెళ్లయిందా అని అడగని మనుషులు ముప్పై ఏడుగురు ఒకేచోట ఉంటారని రజితకు అప్పటిదాకా తెలియదు.

మొదట్లో చాలా తప్పులు చేసింది. పిట్ట రెట్టలా ఉండే పురుగు కనపడిందని మూడు రోజులు వరుసగా ఫొటో తీసి పంపింది. అసలు కదలడమే లేదు, ఎంత ఓపికో అని రాసింది. నాలుగో రోజు మేడం "అమ్మా, ఇది రెట్టనే" అని జవాబిచ్చింది. రజిత వారం రోజులు గుంపు తెరవలేదు. తెరిచి చూస్తే, ఇరవై ఏళ్ల అనుభవమున్న ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు కూడా అలాగే మోసపోయానని తన ఫొటో పెట్టి ఉన్నాడు. ఆయనది రెట్ట కూడా కాదు, గోడ మీద ఎండిన సున్నం చుక్క.

ఆమెకు పనికొచ్చింది సుతారి ఇంట్లో పెరగడం. రెక్క మీద గీతలు చూస్తే ఇటుకల వరుసలు చూసినట్టే ఉండేది. ఏ గీత మట్టంగా ఉందో, ఏది చివర్లో జారిందో, ఏది మధ్యలో ఉబ్బిందో ఒక్క చూపుతో చెప్పగలిగేది. రెండేళ్లలో ఆ గోడ మీదికి వచ్చే వాటిలో నూటా నలభై రకాలను గుర్తుపట్టింది. నూటా నలభై ఒకటో దాని దగ్గర ఆగిపోయింది.

అది వానాకాలం మొదలైన పదిహేను ఇరవై రోజుల్లోనే వచ్చేది. గోధుమరంగు రెక్క, దాని మీద అడ్డంగా తెల్లటి పట్టీ. అచ్చం అలాంటివే రెండు రకాలున్నాయని మేడం చెప్పింది. ఒక దాని పేరు పలకడానికి అయిదు ముక్కలు చేయాల్సి వచ్చేది, రెండో దానికి ఏడు. రజిత తన కోసం వాటికి సక్కటోడు, వంకరోడు అని పేర్లు పెట్టుకుంది. పై రెక్క చూసి వాటిని విడదీయలేం. కింద దాక్కునే వెనక రెక్క చూడాలి: దాని మీద తెల్లగీత అంచుదాకా పోతే సక్కటోడు, సగంలో వంగి ఆగితే వంకరోడు. కానీ గోడ మీద పడుకున్న పురుగు వెనక రెక్కను చూపించదు. చీపురు పుల్లతో కదిపితే ఎగిరిపోతుంది. ఊదితే ఎగిరిపోతుంది. ఒకసారి రజిత తుమ్మితే ఎగిరిపోయింది. మూడు వానాకాలాల్లో దానివి నలభై ఒక్క ఫొటోలు తీసింది. నలభై ఒక్కసారీ మేడం ఒకే జవాబు రాసింది: "ఖచ్చితంగా చెప్పలేం."

ఇంకో దారి ఉందని మేడమే ఒకనాటి సాయంత్రం రాసింది. పురుగును చంపి, మైక్రోస్కోపు కింద పెట్టి, దాని జననాంగాలు చూస్తే ఏ రకమో తేలిపోతుందట. ఆ మెసేజీ వచ్చినప్పుడు రజిత పక్కన సోమనర్సయ్య అన్నం తింటున్నాడు. ఫోన్లో పెద్దగా ఉన్న అక్షరాలు ఆయనకు దూరం నుంచి కూడా కనపడతాయి. రజిత ఫోన్‌ను తీసి పప్పు గిన్నె కింద పెట్టింది.

"ఏంది బిడ్డా, ఎవరు మేడమా?"

"ఆఁ."

"ఏమంటది?"

"ఏం లేదు బాపు. చూడాల్నంట."

"మరి చూడు," అన్నాడు సోమనర్సయ్య. పురుగును చంపడం రజితకు ఇష్టం లేదు. చంపినా, అక్కడ చూడటం అసలు ఇష్టం లేదు. వెనక రెక్క కోసమే ఎదురుచూస్తానని మేడానికి రాసింది.

ఇక గోడ సంగతి. గోడ గురించి రజితకు తెలిసింది, ఊరికి తెలియనిది ఒకటుంది.

దవాఖాన ఉన్న జాగాలో ఒకప్పుడు దొర గడీ, కోటలాంటి బంగళా, ఉండేది. గడీ కూలిపోయి, జాగా సర్కారుకు వచ్చి, దవాఖాన కట్టారు. ప్రహరీ గోడ మాత్రం చూస్తే గడీ నాటిదే అనిపించేది: పెచ్చులూడి, పచ్చబడి, మూడో స్తంభం దగ్గర రెండు వేళ్ల మందం ముందుకు వంగి, పడిపోవడానికి మంచి రోజు కోసం చూస్తున్నట్టు ఉండేది. ఎవరైనా దాని మాటెత్తితే సోమనర్సయ్య గొంతు పెంచేవాడు. "గప్పటి సుతారోళ్లకు ఏం తెలుసు? తూకం గుండు పట్టుడు రాదు. గదొక గోడనా?" అనేవాడు. మంచి సుతారి అన్నాడు గనక అది అప్పటిదే అయి ఉంటుందని ఊరు నమ్మింది.

ఆ గోడ కట్టింది సోమనర్సయ్యే, పన్నెండేళ్ల కింద. ఎవరో పెద్దసారు వస్తున్నాడని పది రోజుల్లో కట్టమన్నారు. కాంట్రాక్టరు సిమెంటుకు పట్టాల్సిన దానికన్నా ఎక్కువ ఇసుక కలిపించాడు. కూలీలను ఎక్కణ్నుంచో లారీలో తెచ్చి లారీలో తీసుకుపోయాడు. పెద్దసారు రాలేదు. ఊరి వాళ్లు ఆ పది రోజులూ పత్తి చేలల్లో ఉన్నారు. తిరిగి వచ్చి చూస్తే గోడ ఉంది. ఎప్పటి నుంచి ఉందని ఎవరూ ఆలోచించలేదు. ఇసుక మహిమతో రెండు వానలకే దానికి అరవై ఏళ్ల వయసొచ్చింది.

సోమనర్సయ్య తన జీవితంలో వంకరగా కట్టిన గోడ అదొక్కటే. తప్పంతా తూకం గుండుదేనని ఆయన తీర్మానించాడు. నిలువు సరిచూడడానికి దారం కట్టి వేలాడదీసే ఆ ఇత్తడి గుండును పనిలోంచి తీసేసి, దొడ్డి తలుపు ఊరికే తెరుచుకోకుండా బరువుగా వేలాడదీశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరైనా ఆ గోడ మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఆ వంకర వల్లే పురుగులు అక్కడికి వచ్చేవి. వానపడితే మిగతా గోడలన్నీ తడుస్తాయి. ముందుకు వంగిన ఆ మూడో స్తంభం మీద, పైనుంచి జానెడు కింద మాత్రం పొడిగా ఉంటుంది. ఊళ్లో నిటారుగా ఉన్న గోడలన్నీ సోమనర్సయ్య కట్టినవే. వాటి మీద వానాకాలంలో ఒక్క పురుగు నిలిచేది కాదు.

పుకారు పుట్టింది జైపాల్ వల్ల. జైపాల్ ప్లాట్లు అమ్మిపెడతాడు. ఒకనాడు పాల వరుసలో రజిత వెనక నిలబడి, ఆమె రోజూ పురుగుల లెక్క రాసుకునే పుస్తకంలోకి తొంగి చూశాడు. అందులో ఇలా ఉంది: "మూడో స్తంభం. పైనుంచి జానెడు కింద. ఒకటి ఉంది. నిన్నటి చోటనే. ఖచ్చితంగా చెప్పలేం." ఆ మాటలు చదివిన జైపాల్‌కు ఆ పూట పాలు కొనుక్కుని పోవాలన్న ధ్యాస లేదు. పక్కన ఉన్న లచ్చవ్వను చూశాడు.

"అవ్వా, గీ పిల్ల పుట్టుక ఎట్లాంటిది?"

లచ్చవ్వ ఎనభై ఏళ్ల మనిషి. తెలియదు అన్న మాట ఆమె నోట ఎవరూ వినలేదు. "ఎదురుకాళ్లు," అంది. "నేనే ఉన్న. ముందుగాల ఎడమకాలు వచ్చింది."

"నువ్వు చూసినవా?"

"చూసుడేంది? నేనే గుంజిన."

మరుసటి వారానికి మూడో స్తంభం మొదట్లో ఒక నిమ్మకాయ వచ్చింది. ఆ పై వారానికి పసుపూ కుంకుమా వచ్చాయి. రజిత నిమ్మకాయను ఫొటో తీసింది, దాని మీద ఒక చిన్న ఆకుపచ్చ పురుగు కూర్చుని ఉంటే. నిమ్మకాయను కూడా ఫొటో తీసిందంటే అది మామూలు నిమ్మకాయ కాదని జనం అనుకున్నారు. తర్వాత ఎవరో అగరువత్తులు ముట్టించారు. ఆ పొగకు గోడ మీది మెహమాన్లన్నీ ఎగిరిపోయాయి. రజితకు ఏడుపొచ్చింది. ఏడుస్తుంటే చూసి, "సొమ్ము కదిలింది, అందుకే ఏడుస్తుంది," అన్నారు.

జనం ఆమెను అడగడం మొదలుపెట్టారు. తప్పిపోయిన దూడ ఎటు పోయింది, బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయి, కొడుకు డీఎస్సీ రాస్తే వస్తుందా. ఆమె తల దించుకుని, "నాకు తెల్వదు," అనేది. ఇంతకు ముందు ఊళ్లో ఎవరినడిగినా ఏదో ఒకటి చెప్పేవాళ్లే. తెలియదు అన్న మొదటి మనిషి రజిత. అంత పెద్ద మాట అన్నదంటే ఎంత తెలిసి ఉండాలి అని జనానికి గౌరవం పెరిగింది.

వానాకాలం వచ్చింది. ఆ తెల్లపట్టీ పురుగు వచ్చే పదిహేను ఇరవై రోజుల గడువు మొదలైంది. సరిగ్గా అప్పుడే జైపాల్ ఘనపూర్ నుంచి అంజనం వేసే మనిషిని బొలెరోలో తీసుకొచ్చాడు. ఆయన తమలపాకు మీద నల్లటి అంజనం పూసి, నూనెతో నిగనిగలాడించి, పాల వరుస నడిమధ్యలో రజిత ముఖం ముందు పెట్టాడు.

"చూడు తల్లీ. ఏం కనపడుతుంది?"

వద్దనడానికి కూడా నోరు రాని పిల్ల. చూసింది. "లైటు," అంది.

"వెలుగు!" అన్నాడు ఆయన. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. "ఇంకా?"

రజిత ఇంకాస్త వంగింది. "నా ముక్కు."

ఆయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. "ముక్కు అంటే అంచు. గోడ అంచు," అన్నాడు.

"బిడ్డ ముందర గోడంత లైటు పెట్టి, లైటు కనపడ్డదంటే ఏం విచిత్రం?" అని ఫకీర్ అహ్మద్ వెనక నుంచి అన్నాడు గానీ, ఎవరూ పట్టించుకోలేదు.

బేస్తవారం పొద్దున గోడ విప్పాలని జైపాల్ నిర్ణయించాడు. రాత్రి తవ్వితే నేరమవుతుంది, పొద్దున తవ్వితే మరమ్మతు అవుతుంది అన్నది అతని తెలివి. "గోడ వంగింది. బర్రె మీద పడ్డదంటే ఎవరిది పూచీ? ఊరి మంచికే," అని అందరికీ చెప్పాడు. దవాఖాన డాక్టరు సెలవులో ఉన్నాడు. ఆపమనడానికి ఫకీర్ అహ్మద్ దగ్గర ఉన్నది లైటు స్విచ్ ఒక్కటే.

ఆ సంగతి రజిత ఇంట్లో చెప్పింది. ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం తల్లి బాలనర్సమ్మ అంతకు ముందు వినలేదు. పురుగు ఈ పదిహేను రోజులే వస్తుందని, ఆ స్తంభం మీదే వస్తుందని, గోడ పోతే అది ఏదో ఎన్నటికీ తెలియదని, "నువ్వు కట్టినవని చెప్తే ఆగుతరు బాపు," అని అంది.

సోమనర్సయ్య చెయ్యి కడుక్కున్నాడు. "ముప్పై ఏండ్ల సంది పని చేస్తున్న. పాలకుర్తిల నా గోడ పక్కకు గుండు పెట్టి చూస్తరు, గుండు మంచిదా కాదా అని. గసొంటోణ్ని పోయి, గా వంకర గోడ నాది అని చెప్పాల్నా? పానం పోయినా చెప్ప."

"చెప్పకుంటే ఏమాయె?" అంది బాలనర్సమ్మ. "బంగారం దొరికితే దొర కట్టిండంటరు. దొరకకుంటే ఎవడో పిచ్చోడు కట్టిండంటరు. నువ్వయితే రెంటిట్ల లేవు."

బేస్తవారం పొద్దున సన్నగా తుంపర పడుతోంది. గడ్డపారలు, కొబ్బరికాయ, ఊరు, అంతా వచ్చాయి. రజిత అందరికన్నా ముందే వచ్చి మూడో స్తంభం ముందు నిలబడింది. పైనుంచి జానెడు కింద, పొడిగా ఉన్నచోట, అది ఉంది. గోధుమరంగు రెక్క, తెల్లటి పట్టీ. ఈ ఏడాదిలో మొదటిది. ఆమె ఫోన్ తీసి పట్టుకుంది. తప్పుకొమ్మని ఇద్దరు ముగ్గురు అన్నారు. ఆమె రెండు అడుగులు పక్కకు జరిగింది గానీ ఫోన్ దించలేదు.

"చూడుండ్రి, సరిగ్గ గదే జాగ చూపెడుతుంది!" అన్నాడు జైపాల్.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ సోమనర్సయ్య వచ్చాడు. తలకు కండువా కట్టుకుని ఉన్నాడు. ముఖం జ్వరం వచ్చినవాడిలా ఉంది. గోడ వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ అన్నాడు: "ఆపుండ్రి. గా గోడ నేను కట్టిన."

అందరూ ఒకసారి గోడను, ఒకసారి ఆయనను చూశారు. తర్వాత లచ్చవ్వ నవ్వింది. ఆ తర్వాత అందరూ నవ్వారు.

"నువ్వా? గిదా? ఓ నర్సన్నా, అబద్ధమాడినా జర అతికేటట్టు ఆడాలె."

"మా ఇంటి గోడ చూడు, దారం గీసినట్టున్నది. నువ్వు గిసొంటిది కడ్తవా?"

"బిడ్డ కోసం ఆడుతుండు పాపం. బంగారమంతా బిడ్డకే కావాలె గదా!" అన్నాడు జైపాల్.

"నేనే కట్టిన!" అని అరిచాడు సోమనర్సయ్య. పానం పోయినా చెప్పనన్న మాటను చెప్పేశాడు, ఎవరూ తీసుకోవడం లేదు. ఎంత అరిస్తే అంత, నీ చేతిలో అలాంటి తప్పు జరగదన్నా అని ఊరంతా కలిసి ఆయన్ను పొగిడింది. ఆయన జన్మలో అన్ని పొగడ్తలు ఒక్కసారిగా పడలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

జైపాల్ సైగ చేశాడు. ఒకడు గడ్డపార ఎత్తి స్తంభం మొదట్లో ఒక్క పోటు పొడిచాడు.

గోడ అదిరింది. ఆ అదురుకు పురుగు ఉలిక్కిపడి, ఎగరడానికి ముందు, ఒక్క క్షణం రెక్కలు రెండూ విప్పింది. కింద దాక్కున్న వెనక రెక్క బయటపడింది. రజిత ఫోన్ నొక్కింది.

రెండో పోటుకు గడ్డపార లేచింది. "ఆగుండ్రి!" అని ఎవరో అరిచారు. గడ్డపార గాల్లోనే ఆగింది. ఆ గొంతు ఎవరిదో తెలియక జనం అటూ ఇటూ చూశారు. రజితది. ఆ గొంతు అంత గట్టిగా రావడం రజిత కూడా వినడం అదే మొదటిసారి.

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. అరవడంలో జనం వైపు తిరిగిపోయింది, ఇక మళ్లీ గోడ వైపు తిరగడానికి లేదు. ఏదో ఒకటి చెప్పక తప్పలేదు.

"బాపే కట్టిండు," అంది. "వంకర బాపుది కాదు. తూకం గుండుది గూడ కాదు. నాది."

సోమనర్సయ్య తలెత్తాడు.

"నాకు పదేండ్లు అప్పుడు. కూలోళ్లు అన్నానికి పోయిన్రు. దారం పైన కొస నన్ను పట్టుకొమ్మన్నడు బాపు. పట్టుకున్న. ఇటుక మీద ఒక రెక్కల పురుగు వచ్చి వాలింది. అది ఎట్లున్నదో అని వంగి చూసిన. చెయ్యి జరిగింది. బాపు కింద గుండు చూస్తుండె, నా చెయ్యి చూడలె." తండ్రి వైపు చూడకుండా స్తంభాన్ని చూపించింది. "స్తంభంల ఒక జాగ ఖాళీ వస్తే ఖాళీ సిమెంటు సంచి మడిచి నేనే కుక్కిన. జానెడు కింద. పెద్దగా తవ్వొద్దు. గాడ ఒక్క ఇటుక తీసి చూడుండ్రి."

జైపాల్‌కు ఆ జానెడు కింద అన్న మాట ముందే తెలుసు. అదే చోట ఒక్క ఇటుక తీయించాడు. లోపల ఏదో మెత్తగా తగిలింది. జనం ముందుకు తోసుకొచ్చారు. అంజనం మనిషి కొబ్బరికాయ కొట్టాడు. బయటికి లాగితే మడతలు పడి, మట్టిగొట్టుకుపోయిన సిమెంటు సంచి వచ్చింది. దాన్ని దులిపి చూశారు, తిరగేసి చూశారు, విదిలించి చూశారు. ఫకీర్ అహ్మద్ కళ్లద్దాలు పెట్టుకుని, లైటు కిందికి తీసుకుపోయి, సంచి మీద అచ్చుకొట్టిన దాన్ని అందరికీ వినపడేలా చదివాడు.

"ముప్పై రెండో వారం. రెండు వేల పదమూడు. తడి తగలనియ్యొద్దు."

దొరగారి కాలం అక్కడితో అయిపోయింది. ఒక్కొక్కరే పాల క్యాన్లు వెతుక్కున్నారు. అంజనం మనిషి బొలెరో ఎక్కాడు. "అన్నా, నిజంగా నువ్వే కట్టినవా?" అని జైపాల్ అడిగాడు, ప్లాటు కొని మోసపోయినవాడి గొంతుతో.

సోమనర్సయ్య అప్పటికే వెనుదిరిగాడు. నేరుగా ఇంటికి పోయి, దొడ్డి తలుపుకు పన్నెండేళ్లుగా వేలాడుతున్న ఇత్తడి గుండును విప్పి, కండువాతో తుడిచి, చింతపండుతో తోమి, మళ్లీ తుడిచి, పనిసంచిలో తాపీ పక్కన పెట్టుకున్నాడు. దొడ్డి తలుపు తెరుచుకుని బర్రె బయటికి పోయింది. బాలనర్సమ్మ దాని వెంట పరుగెత్తింది.

అసలు ఆపద అప్పుడే వచ్చింది. మధ్యాహ్నానికి సోమనర్సయ్య సుత్తె పట్టుకుని గోడ దగ్గరికి తయారయ్యాడు. గోడ తనదని ఊరికి తెలిసిపోయింది గనక ఇక అది వంకరగా ఉండటానికి వీల్లేదట. విప్పి, కొత్తగా, నిటారుగా, తన చేతి సిమెంటుతో కడతాడట.

రజిత వెంట వచ్చింది. స్తంభానికీ సుత్తెకూ మధ్య నిలబడింది.

"ఉండనీ బాపు."

"ఎట్ల ఉండనిస్త బిడ్డా? పోయేటోడు వచ్చేటోడు చూస్తడు. నర్సయ్య గోడ అంటడు."

"రెండు వేళ్లే గదా. వాటికి వాన తగలదు."

సోమనర్సయ్య గుండుకు దారం కట్టి స్తంభం పక్కన వదిలాడు. గుండు నిలబడేదాకా ఇద్దరూ చూశారు. సరిగ్గా రెండు వేళ్లు. ఆయన చాలాసేపు దారాన్నీ స్తంభాన్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత సుత్తె పక్కన పెట్టి, ఇటుక తీసిన చోట సిమెంటు కలిపి మూశాడు. పూత పూస్తుంటే కొత్తది నిటారుగా వస్తోంది, పాతదానికి అతకడం లేదు. పళ్లు కొరుక్కుంటూ, ముప్పై ఏళ్ల పనితనాన్ని పక్కకు పెట్టి, పాత వంకరకు సరిగ్గా సరిపడేంత వంకరగా పూశాడు. అంత కష్టమైన పని తన జన్మలో చేయలేదని తర్వాత చెప్పుకునేవాడు.

అమూల్య మేడం జవాబు మరుసటి రోజు వచ్చింది. ఫొటోలో సగం జైపాల్ మోచెయ్యే ఉంది. మిగతా సగంలో వెనక రెక్క, దాని మీద తెల్లగీత, సగందాకా పోయి వంగి ఆగి ఉంది. వంకరోడు. "ఇది ఖచ్చితం," అని రాసింది మేడం, ఈ పురుగు గురించి మూడేళ్లలో ఒక్కసారీ సూటిగా రాయని మనిషి. కింద ఇంకో మాట కూడా రాసింది: "మిగతా నలభై ఒకటి మాత్రం చెప్పలేం." రజిత పుస్తకంలో నూటా నలభై ఒకటో అంకె వేసి, పేరు ఏడు ముక్కలుగా రాసుకుంది.

పుకారు ఆగలేదు. భూపాలపల్లి వైపు ఇప్పుడు చెప్పేదేమంటే, పాలకుర్తి దగ్గర ఒక పిల్ల ఉంది, ఎదురుకాళ్లతో పుట్టింది, అరిచిందంటే బంగారం కూడా సిమెంటు సంచి అయిపోతుంది. మొన్నొక ముసలాయన రెండు బస్సులు మారి వచ్చి, పాల వరుసలో ఆమె కాళ్లకు దండం పెట్టబోయాడు. రజిత గోడ వైపు తిరిగింది.

లచ్చవ్వ ఇప్పటికీ ముందు వచ్చింది ఎడమకాలే అంటుంది. రజిత పుట్టిన రోజు లచ్చవ్వ నాట్లు వేస్తూ పొలంలో ఉంది. రజిత తలతోనూ పుట్టలేదు, కాళ్లతోనూ పుట్టలేదు. జనగామ దవాఖానలో బాలనర్సమ్మకు ఆపరేషన్ చేసి, పొట్ట కోసి బయటికి తీశారు.